గెంతే సాలీళ్ళ మీద పడ్డ నింద

మా చిన్నప్పుడు... తిరువూరులో మా పెరట్లో చిక్కుడు పందిరి కింద ముక్కాలిపీట వేసుకుని, మెడ నొప్పి పుట్టేదాకా ఆకుల్లోకి చూస్తూ కూర్చునేదాన్ని. బడి వదలగానే పుస్తకాల సంచి గడపలో పడేసి నేరుగా అక్కడికే. డెబ్భైల నాటి మాట ఇది...

నేను చూసేది గెంతే సాలీళ్ళని. వల కట్టి ఎదురుచూసే రకం కాదవి. పెసరగింజంత ఒళ్ళు, ముందు రెండు పెద్ద కళ్ళు... వేలు ఎటు తిప్పితే అటు తిరిగి మనల్నే చూస్తాయి. దూకే ముందు ఆకుకు సన్నటి దారం అంటించి మరీ దూకుతాయి. గురి తప్పితే ఆ దారానికే వేలాడి మళ్ళీ పైకి పాకుతాయి. నాన్న గడ్డం గీసుకునే అద్దం తెచ్చి ఎదురుగా పెడితే, అవతల ఇంకొకటి ఉందనుకుని ముందుకాళ్ళు రెండూ పైకెత్తి దబాయించేవి.

ఆ ఏడు వాటిలో ఒకటి ఆకు మడిచి, లోపల తెల్లటి గూడు అల్లుకుని గుడ్లు పెట్టింది. ఇంక ఎక్కడికీ కదలకుండా కాపలా కూర్చుంది. పిల్లలు ఎప్పుడు బయటికొస్తాయా అని నాకు అన్నం కూడా సయించేది కాదు.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు చిట్టికి మెడ వెనక పొక్కులు లేచాయి. క్రిస్మస్‌కి కుట్టించిన తెల్లచొక్కా మొదటిసారి ఉతుకు నుంచి వస్తే, ఆదివారం అది తొడుక్కుని చర్చికి వెళ్ళొచ్చాడు. సాయంత్రానికి మెడ కందింది, తెల్లారేసరికి నీటి పొక్కులు.

పెనుగొలను నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న మేనత్త వాటిని చూసి మా నాన్నతో తేల్చేసింది.

“సాలీడు పాకిందిరా తమ్ముడూ. పెరట్లో నీ కూతురు వాటిని సాకుతుంది గదా, ఇట్టా గాక ఇంకెట్టా అవుద్ది?”

మా నాన్న హైస్కూల్లో సైన్సు మాస్టారు. మళ్ళీ చెబుతున్నాను... సైన్సు మాస్టారు.

“నా చేతి మీద రోజూ పాకుతాయి నాన్నా. మరి నాకెందుకు రాలేదు?” అన్నాను. ఇప్పటికీ ఆ ప్రశ్నలో నాకు తప్పు కనపడదు.

“పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నువ్వేంటి?” అన్నాడు.

అంతే, సైన్సు అయిపోయింది. డీడీటీ పొడి తెచ్చి, పాత పంచె ముక్కలో మూటగట్టి, కర్రకు వేలాడదీసి పందిరంతా దులపడం మొదలుపెట్టాడు. నేను అడ్డం వెళ్ళి బతిమాలాను.

“ఆ ఒక్క ఆకు వదిలెయ్యి నాన్నా. తుంచుకుపోయి గోడవతల పెట్టుకుంటాను.”

“అసలు గూడే అది. దాన్ని వదలమంటావేంటి?” అని ఆ ఆకు మీదే ఇంకో రెండుసార్లు దులిపాడు. నాకు వీపు మీద ఒకటి పడింది కూడా.

మర్నాడు ఆకు విప్పి చూస్తే తల్లి గుడ్ల మీదే కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. ఏడుపు రాలేదు... ఒళ్ళు మండిపోయింది.

పందిరి మీద ఒక్క సాలీడు మిగల్లేదు. అయినా రెండు వారాల తర్వాత చిట్టి మళ్ళీ ఆ తెల్లచొక్కా వేసుకున్నాడు, మళ్ళీ అక్కడే పొక్కులు లేచాయి. సోమవారం బట్టలకని వచ్చిన మా చాకలి నాగమ్మ వాడి మెడ చూసి, చొక్కా కాలరు తిరగేసి చూసింది. ఎవరి బట్టలు ఎవరివో తెలియడానికి కాలరు లోపల నల్లజీడి గింజ రసంతో చుక్కలు పెట్టేవాళ్ళు అప్పట్లో. ఆ రసం తగిలితే ఒళ్ళు కాలుతుంది.

“ఇది జీడి కాలిందమ్మా. కొత్త చొక్కా గదాని గుర్తేశాను, పైన సున్నం రాయడం మర్చిపోయా. తప్పు నాదే,” అంది మా అమ్మతో. చిట్టి గడ్డం పట్టుకుని చాలా నొచ్చుకుంది.

నాగమ్మ బడి మొహం చూడలేదు. చూసిన వెంటనే తప్పు ఒప్పుకుంది. మా సైన్సు మాస్టారు మాత్రం పేపరు దించకుండానే “సర్లే, పోయింది పురుగులేగా” అన్నాడు. అత్తయ్య నవ్వింది. నా వైపు ఎవరూ చూడలేదు.

ఇప్పుడు మా అపార్టుమెంటులో మూణ్ణెల్లకోసారి మందు కొట్టిస్తారు. ఏ పురుగు ఏం చేసిందని ఎవరూ అడగరు... అడిగేంతసేపు వాటిని చూసిన పిల్లలూ లేరు.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మంచి మనిషని అందరూ అంటారు, నేనూ అంటాను. కానీ “నువ్వు చెప్పిందే నిజమమ్మా” అన్న ఒక్క మాట కోసం నేను పిల్లల తల్లినయ్యాక కూడా ఎదురుచూశాను. ఆయన అనలేదు. నా కోపం తగ్గలేదు.

చిన్నప్పుడు నిజమే చెప్పినా మీ మాట ఎవరూ నమ్మని రోజు మీకూ ఉంటే, కింద రాయండి...

నేను నమ్ముతాను.