ఆశక్క తెచ్చిచ్చిన కాగితం

మా వీధి ఆశా కార్యకర్త పోయింది. గుండెనొప్పని ఆలూరు నుంచి కర్నూలుకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. ఆ మాట వినగానే "అయ్యో" అనకముందే నాకు తోచింది ఒకటే: ఇప్పుడు ఆ కాగితం ఏం చెయ్యాలి? సిగ్గేసింది. తర్వాత ఏడ్చాను. ఎవరి కోసమో చెప్పలేను.

మా ఊళ్లో ఆమె కనురెప్ప కిందికి లాగి చూడని ఆడది లేదు. గడపలోనే నిలబడి "ఏదీ, కన్ను చూపీమ్మే" అనేది. రక్తం మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా కదిలేది కాదు. "కొంగున కట్టుకున్న మాత్ర రక్తమైతాదా?" అని గదమాయించేది. మా అత్త అంతటిది కూడా ఆశక్కకు జంకేది.

ఎనిమిదేండ్ల కిందట నా మొదటి కాన్పు. నెలలు నిండినాక ఒక సాయంత్రం ఆమెతో "అక్కా, పొద్దున్నుంచి బిడ్డ కదల్లేదు" అన్నాను. "ఏం కాదులేమ్మే. కడుపునిండా తిని ఎడంపక్కకు పండుకో, అదే కదుల్తాది" అనింది. మరునాడు ఆసుపత్రిలో మగబిడ్డ పుట్టాడు. ఏడవలేదు.

బిడ్డ ఎందుకు పోయాడని విచారణకు వచ్చిన ఆరోగ్యశాఖవాళ్లు వసారాలో కుర్చీలు వేసుకొని మా ఆయన్ను, అత్తను, ఆశక్కను అడిగారు. నేను తలుపు వెనక, పాలు కారుతున్న రొమ్ములకు గుడ్డ కట్టుకొని పడుకున్నాను. "పచ్చి బాలింత సార్, ఆ పిల్లనేం అడుగుతారు" అనింది అత్త. ముందురోజు నేనేమైనా చెప్పానా అని వాళ్లు అడిగారు. "ఏమీ చెప్పలే సార్" అనింది ఆశక్క.

అరవాలనిపించింది. అరవలేదు. రాన్రాను నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా చెప్పానా, చెప్పాలనుకొని ఊరుకున్నానా?

రెండో కాన్పుకు ఆమె రోజుకు రెండుసార్లు వచ్చేది. "కదిలిందా?" ఎప్పుడూ ఇదే మాట. కదిలిందన్నా నమ్మేది కాదు, కడుపు మీద చెయ్యి పెట్టి తానే చూసుకునేది. ఈ పొద్దు బడికి పోతున్న నా కూతురు ఆమె చలవే. మరి ముందువాడు? నాకు తెలీదు స్వామీ, బుర్ర పనిచేయదు.

పోయిన నెల ఆ కాగితం తెచ్చింది. పురిట్లో బిడ్డలనో తల్లులనో పోగొట్టుకున్న ఇండ్లవాళ్లతో మాట్లాడి, అప్పటి విచారణ ఎట్లా జరిగిందో తెలుసుకునే పరిశోధన అట. ఇష్టముంటేనే ఈ కాగితం మీద సంతకం పెట్టి చేరొచ్చు, పేర్లు బయటపెట్టరు.

"ఈ తూరి తల్లినే అడుగుతారంట" అనింది.

"ఇన్నేండ్లకు నేనేం చెప్పాలక్కా?"

ఆమె తల వంచుకుంది. "ఆ పొద్దు నువ్వు నాకు చెప్తివి కదమ్మే. అది చెప్పు."

అంటే, చెప్పాను! నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడా గుర్తొచ్చేది నీకు? పో అక్కా" అన్నాను. కాగితం అక్కడే పెట్టి వెళ్లింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు ఊరంతా ఆమె మంచితనమే చెప్పుకుంటున్నారు. నేనూ చెబుతున్నాను, అబద్ధం కాదు కూడా. "పోయిన మనిషి మీద చెప్తే పాపం తగుల్తాది" అంటాడు మా ఆయన. చెప్పకుంటే నా బిడ్డకు పాపం తగలదా?

ఆమె పోయిన మూడోనాడు కాగితం మడత విప్పాను. అంతవరకు చదవనేలేదు. అడుగున సాక్షి అని ఉన్నచోట ఆమె సంతకం ముందే చేసి ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒక్కొక్కటి ఒత్తి ఒత్తి రాసింది. దాని పైన నేను సంతకం పెట్టాల్సిన గీత ఖాళీగా ఉంది. కోపంతోనో, ప్రేమతోనో, ఆ గీత మీద నా పేరు రాశాను.