నాలుగు వరసల క్యూబు

నా చిన్నప్పుడు, తెలంగాణ ఉద్యమం రోజుల్లో, బడి ఉందో లేదో పొద్దున్నే టీవీ పెడితే గానీ తెలిసేది కాదు. బంద్ అంటే నాకు పండగే. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు. ఒకదాంట్లో నల్లగొండ నుంచి వచ్చిన మేము, రెండోదాంట్లో విజయవాడ నుంచి వచ్చిన పక్కింటి అక్కావాళ్ళు. అక్క ఇంజనీరింగ్ కోచింగ్‌కి వెళ్ళేది. ఆమె దగ్గర ముక్కలు తిప్పి రంగులు కలిపే నాలుగు వరసల క్యూబు ఉండేది. మామూలు మూడు వరసలది నేను చకచకా కలిపేసేదాన్ని, అందుకని కాస్త పొగరు కూడా.

ఆ ఏడు మా నాన్న, అక్కావాళ్ళ నాన్న మాట్లాడుకోవడం మానేశారు. పోట్లాడుకోగా నేను చూడలేదు. అంతకుముందు ఒకే పేపరు పంచుకుని చదివినవాళ్ళు, ఇప్పుడు ఎదురుపడితే ఒకరు చెప్పులు చూసుకునేవారు, ఇంకొకరు ఫోను. అక్కావాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారట అని అమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. తెలంగాణ వస్తే అక్క ఎందుకు పోవాలి? మేము గెలిస్తే నేనెందుకు ఏడవాలి? ఎంత ఆలోచించినా బుర్రకెక్కలేదు.

ఒక బంద్ రోజు అక్కావాళ్ళ గుమ్మంలో కూర్చుని ఆ క్యూబు పట్టుబట్టి కలిపాను. నడుమ రంగులు కూర్చి, అంచులు జత చేసి, అన్నీ సరిచేశాక చివర్న ఒక్క అంచు తలకిందులుగా మిగిలింది. మూడు వరసలదాంట్లో అలా వచ్చిందంటే ఎవరో ముక్క ఊడబీకి తిరగేసి పెట్టారని లెక్క. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరో దీన్ని ఇప్పి తప్పు పెట్టిన్రక్కా! ఎవరు చేసిన్రో చెప్పు!"

"ఎవరూ విప్పలేదే పిచ్చిదానా. నువ్వూ తప్పు తిప్పలేదు. దీంట్లో ఒక్కోసారి ఇలాగే వస్తుంది."

ఎవరూ చేయకుండా తప్పెలా వస్తుంది? అక్క క్యూబు తీసుకుని, నేను కష్టపడి కలిపిన రంగులన్నీ చెడగొట్టసాగింది. అయ్యో అయ్యో అని చెయ్యి పట్టుకున్నా ఆగలేదు. అంతా కలగాపులగమై, మళ్ళీ అన్నీ తమ చోట్లకు వచ్చాయి. అంచు కూడా సరిగ్గా కూర్చుంది.

"మరి మా నాయిన, మీ నాన్న మాట్లాడుకుంటలేరు గదా. గది ఎవరి తప్పు?" అన్నాను.

అక్క లేచి నేరుగా మా ఇంట్లోకి నడిచింది. నాన్న టీవీ ముందున్నాడు.

"బాబాయ్ గారూ, మేము ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాలా? మీరే చెప్పండి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మాటలు లేకపోయినా ఇన్నాళ్ళూ గొడవైతే లేదు, ఇక అదీ మొదలైందనుకున్నాను. నాన్న టీవీ ఆపేశాడు.

"నిన్నెవరు పొమ్మన్నరు బిడ్డా? తెలంగాణ కావాలన్న, గంతే. నువ్వు పోవాలన్ననా?" అన్నాడు. "మీ నాయిననే నన్ను సూసి మొఖం తిప్పుకుంటుండు."

"మా నాన్న కూడా మీ గురించి అదే అంటున్నారండీ," అని అక్క ఏడ్చేసింది.

నాన్న లేచి, చొక్కా తగిలించుకుని అక్కావాళ్ళ గుమ్మం ఎక్కాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అక్కావాళ్ళు మాత్రం ఇల్లు ఖాళీ చేయలేదు.

ఆ ఇద్దరిలో తప్పెవరిదో ఇప్పటికీ నాకు అర్థం కాదు. మా ఇంట్లో ఎవరైనా మూతి ముడుచుకుని తిరుగుతుంటే ఈరోజుకీ నాకు భయమే. కదిపితే ఉన్నది కూడా చెడుతుందేమోననిపిస్తుంది. అయినా వెళ్ళి అడుగుతాను. ఆ రోజు అక్కకు కూడా భయమే, అయినా అడిగింది.