మా ఇంటి పడుగు, వాడి వ్యాసం

మొన్న మనవరాలు కాలేజీ నుంచి ప్రశ్నల కాగితం పట్టుకొచ్చి నా మంచం పక్కన కూర్చుంది. తనూ నాలాగే సోషియాలజీతో బి.ఏ. చదువుతోంది, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి మూడు తరాల సంగతులు రాసుకురమ్మన్నారట. ఆ కాగితం చూడగానే అరవై ఏళ్ళ కిందటి కడుపుమంట మళ్ళీ రాజుకుంది. ఈ వయసులో అదేం బుద్ధి అని పిల్లలు నవ్వుతారు గానీ, నా ఈడు వారైనా నన్ను అర్థం చేసుకోండి.

మాది నల్గొండ దగ్గర నేత కుటుంబం. అరవైలలో నేను హైదరాబాదులో బి.ఏ.లో చేరితే, ఆ కొత్త సబ్జెక్టు పేరు మా బాపుకు చివరిదాకా నోరు తిరగలేదు. హాస్టల్లో నా గదిలోనే ఉండే మిత్రుడు కల్వకుర్తి వైపు రైతు బిడ్డ. దసరా సెలవుల్లో తమది కాని ఒక వృత్తిని దగ్గరగా చూసి వ్యాసం రాయమని సారు చెబితే ఇద్దరం ఇళ్ళు మార్చుకున్నాం, నేను వాళ్ళింటికి, వాడు మా ఇంటికి. నేనక్కడ పది రోజులుండి బావి లోతు, మోట తోలే వేళలు, నాగళ్ళు, ఎడ్లు అన్నీ రాసుకుని, పటాలు కూడా గీసి, నన్ను మించినవాడు లేడనుకుంటూ తిరిగొచ్చాను.

క్లాసులో సారు నా పటాలు బాగున్నాయని ఒక్క ముక్క అని, వాడి వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. అందులో ఉన్నది మా ఇల్లే. తెల్లవారగానే పడుగు దారాలను వీధి పొడవునా చాపి గంజి పెట్టడం ఒక్క ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు గనక చుట్టాలూ ఇరుగుపొరుగూ వచ్చి తలా ఒక చెయ్యి వేసేవాళ్ళు. అది నాకూ తెలుసు. మా మేనమామ ఒక్క పడుగుకూ రాకుండా ఉండలేదు, అదీ తెలుసు. కానీ అమ్మకూ ఆయనకూ రెండేళ్ళుగా మాటల్లేవని, నన్ను చదువు మాన్పించి మగ్గం గుంటలో కూర్చోబెట్టమని ఆయన పట్టుబడితే నా కొడుకు చదువుకుంటాడని అమ్మ తెగేసి చెప్పిందని, నలుగురితోపాటు ఆ క్లాసులోనే విన్నాను. ఎదురెదురుగా నిలబడి ఒకే పడుగు పట్టుకునే అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవని ఎవరనుకుంటారు? “మాటలు బందైనయ్ గని పడుగు బందు గాలె” అని అమ్మ అన్న మాటను సారు రెండుసార్లు చదివారు. నాకోసం తోబుట్టువును దూరం చేసుకున్న అమ్మ మీద ప్రేమ కలగడానికి ముందే, ఆ సంగతి వాడికి చెప్పిందన్న కుళ్ళు పుట్టింది. సిగ్గుచేటే, కానీ ఉన్నమాట.

తర్వాత ఊరికి వెళ్ళినప్పుడు ఉండబట్టలేక అమ్మను నిలదీశాను. ఆమె రాట్నం ఆపలేదు, తలెత్తలేదు. “గా పిలగాడు పక్కన కూసోని, కండెలకు నూలు సుట్టుకుంట అడిగిండు, చెప్పిన. నువ్వెన్నడన్న అడిగినవా బిడ్డా?” అంది. ఆ రోజే నేనూ పక్కన కూర్చోవలసింది. అలిగి మర్నాడు బస్సెక్కాను. ఆ తర్వాత మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం, కాపురం, పిల్లలు. అమ్మను తిన్నావా, మందు వేసుకున్నావా అని అడిగానే తప్ప ఇంకేమీ అడగకుండానే ఆమె కాలం వెళ్ళిపోయింది. మిత్రుడు మాత్రం మా ఊరి మీదుగా పోయినప్పుడల్లా బస్సు దిగి అమ్మను చూసి వెళ్ళేవాడు. అదీ నాకు గిట్టేది కాదు.

ఇప్పుడు మా వీధిలో పడుగు చాపే జాగా లేదు, మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. మాటల్లేని చుట్టాలు కలిసి చెయ్యి వేయక తప్పని పనులు కూడా ఏవీ మిగల్లేదు. మాటలు ఆగిన రోజే రాకపోకలూ ఆగిపోతున్నాయి.

మనవరాలి ప్రశ్నలకు గడగడా చెప్పుకొచ్చిన నేను, ముత్తవ్వకు చదువుకోవాలని ఉండేదా తాతా అని అది అడిగేసరికి ఆగిపోయాను. నాకు తెలియదు. వాడికి తెలిసే ఉంటుంది. కల్వకుర్తిలోనే ఉన్నాడు, నంబరు కూడా నా ఫోనులో ఉంది. పిల్ల పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. మా అమ్మ గురించి వాణ్ణి అడగడానికి ఈ రోజుకీ నాకు మనసొప్పడం లేదు.