ప్రేమమణి వేయించిన పాఠం

మా ఆవిడ ప్రేమమణి పద్మారావు నగర్‌లో బయాలజీ టీచరు. బళ్లో చెప్పింది చాలక ఇంటికొచ్చి నాకూ చెబుతుంది. పిండంలో మెదడూ వెన్నుపామూ ఎలా తయారవుతాయో నాకు కంఠతా వచ్చు. రిటైరైన రైల్వే గుమాస్తాకి ఆ విద్య ఎందుకంటారా? నన్నడక్కండి, ఆవిడనే అడగండి.

మా అమ్మాయి హదస్సా పెళ్లప్పుడు కొంప ముంచింది ఆ విద్యే. పుట్టబోయేది మనవడైనా మనవరాలైనా, వెన్ను సరిగ్గా మూసుకోవాలన్నదే ఆవిడ బెంగ. సారెలో కజ్జికాయల డబ్బా పక్కనే ఫోలిక్ యాసిడ్ మాత్రలు పెట్టింది మహాతల్లి! సైనిక్‌పురిలో మా వియ్యపురాలు రూతమ్మ సారె విప్పీ విప్పగానే ఫోన్ చేసింది.

"ఏందన్నయ్యా గిది? పిల్లకేమన్న బీమారి ఉంటే ముందే చెప్పాలె గద! ఇంటిల్లిపాదీ పరేషాన్ అయితున్నం."

నాకు ముచ్చెమటలు పోశాయి. ప్రేమమణి మాత్రం కొంగు బిగించి, "పదండి, నేనే చెబుతా" అంది.

రూతమ్మ వంటింట్లోనే పాఠం మొదలైంది. పిండిని పొడుగ్గా వత్తి, "చూడండి వదినా, మొదట్లో బిడ్డ వీపు ఇలా చదునుగా ఉంటుంది. తర్వాత రెండంచులూ లేచి, కలిసి, గొట్టంలా అతుక్కుంటాయి. పైన మెదడు, కింద వెన్నుపాము. నెల తప్పిందని తల్లికి తెలిసీ తెలియకముందే ఇదంతా అయిపోతుంది. మనమేమో మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పం, డాక్టరు గడప తొక్కం. ఆ అతుకు సరిగ్గా పడాలనే ఈ మాత్రలు ముందునుంచే వేసుకోవాలి" అంది. పూర్ణం పెట్టి అంచులు కలిపి, ఒక చివర మాత్రం కావాలనే నొక్కకుండా ఆ కజ్జికాయను కాగే నూనెలో వేసింది. లోపలి కొబ్బరీ బెల్లమూ బయటికొచ్చి మాడిపోయాయి.

"అయ్యయ్యో, నూనంత ఖరాబ్ చేస్తివి గద వదినా!" అని రూతమ్మ నెత్తి కొట్టుకుంది. మాడిన కొబ్బరిని గరిటెతో తీస్తూ అడిగింది. "మాత్రలేసుకుంటే గిట్ల కాదా?"

"అసలు కాదని చెప్పలేను. కానీ ఆ భయం చాలా తగ్గుతుంది."

"అయితే నా చేత్తోనే మింగిస్త."

మింగించిందంటే అలా ఇలా కాదు! కోడలు నోరు తెరిచి చూపిస్తే తప్ప వదిలేది కాదు. చర్చిలో స్త్రీల సమాజం ప్రార్థన ముగిసిందో లేదో, "కొత్తగ పెండ్లయిన పిల్లలు జెర ఆగుండ్రి" అని ఆపి మాత్రల పాఠం చెప్పేది. వియ్యపురాళ్లిద్దరూ ఏకమైపోయాక మా అల్లుడు కాలేబూ నేనూ నోరెత్తితే ఒట్టు.

మొన్న హదస్సాకి ఐదో నెల స్కానింగ్. డాక్టరమ్మ తెర చూపించబోతే, ఊరందరికీ పాఠం చెప్పిన మా ఆవిడ గోడవైపు తిరిగి నిలబడిపోయింది. ఎందుకో నాకు తెలుసు. హదస్సాకంటే ముందు మాకో బాబు పుట్టాడు. వాడి వెన్ను మూసుకోలేదు. రెండు రోజులే బతికాడు. ఈ మాత్రల సంగతి ఆనాడు మాకెవరూ చెప్పలేదు.

"వెన్ను చక్కగా మూసుకుంది టీచరుగారూ, పైనుంచి కిందిదాకా" అంది డాక్టరమ్మ.

రూతమ్మ "స్తోత్రం ప్రభువా!" అని గట్టిగా అరిచింది. ప్రేమమణి మెల్లగా ఇటు తిరిగి, తెర వంక చాలాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ, ఆనాటి మన బాబుకి పేరైనా పెట్టలేదు" అంది.

"పెడదాం ప్రేమా, ఇవాళే పెడదాం" అన్నాను. నాకూ ఏడుపు ఆగలేదు.