మూడో పాటను నేనే శుభ్రం చేశాను

మా చిన్నప్పుడు... మద్రాసు రాయపురంలో మేమున్న ఇంట్లో నాలుగు కాపురాలు. పెరట్లో అందరికీ కలిపి ఒకటే చేతిపంపు. ఒక ఆదివారం మధ్యాహ్నం ముప్పావుగంట సేపు ఆ పంపు ఎవరూ కొట్టకూడదని పక్క వాటా వసంత ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆమెకు పదకొండేళ్ళు. నాకూ అంతే.

కారణం ఒక కాసెట్. ఓడలో పనిచేసే వాళ్ళ మేనమామ లండన్‌లో కొన్నది. మర్నాడు పొద్దున్నే ఆయన ఓడెక్కుతాడు, కాసెట్ వెంట పోతుంది. ఒక ఇంగ్లీషు గాయని పాప్ ఆల్బం అది. పాటలు తనే రాసి, తనే బాణీ కట్టి, పియానో వాయిస్తూ పాడింది. అట్ట మీద ఖాళీ గదిలో కిటికీ వైపు తిరిగి నిలబడి ఉంటుంది... మొహం కనబడదు.

పేరు రాయను. రాస్తే మీరు వెంటనే ఫోన్‌లో వెతికి వింటారు. మేము విన్నది అది కాదు.

ఆదివారం రికార్డింగు షాపులు మూత. అందుకని రెండు టేప్‌రికార్డర్లు ఎదురెదురుగా పెట్టాం. ఒకటి పాడుతుంది, రెండోది పట్టుకుంటుంది. గదిలో మేమిద్దరం, కదలకుండా.

మొదటి పాటలోనే ఎవరో మరిచిపోయి పంపు కొట్టారు. రెండో పాటలో వాళ్ళ అవ్వ గుమ్మంలోకి వచ్చింది.

“ఏందే, ఇల్లంతా ఇట్ట సద్దు లేకుండా ఉండాది? ఎవురన్నా పోయినారా?”

వసంత మాట్లాడకుండా చేతులు జోడించింది. అవ్వ దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.

మూడో పాట అంటే నాకు భయం. మధ్యలో పియానో ఆగిపోతుంది. లోపల ఎవరైనా ఉన్నారా అని గాయని అడుగుతుంది. తర్వాత కొంతసేపు ఏమీ ఉండదు... జవాబు కోసం ఆగినట్టు. సరిగ్గా అప్పుడే వసంత నా వైపు తిరిగింది.

“ఒరేయ్ శీనా, సుమ్మా ఉండరా, సద్దు చెయ్యబాక! బర్రె మాదిరి ఊపిరి తీస్తా ఉండావు!”

అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అంతా టేపులో పడింది.

ఆ సాయంత్రమే వసంత మా కాసెట్ అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని విరిచేసింది. అవి విరిస్తే దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. “ఇంక దీన్ని ఎవురూ చెరపలేరు” అంది.

ఎవరొచ్చినా ఆ పాట వినిపించేది. వీధి పిల్లలకు నేను బర్రె శీను అయిపోయాను. మూడేళ్ళు భరించాను.

మేనమామ మళ్ళీ వచ్చినప్పుడు ఆ కాసెట్టూ మా కాసెట్టూ రెండూ పట్టుకుని పురసవాక్కం బస్సెక్కాను. విరిచిన చోట్ల కాగితం ఉండలు కుక్కాను. ఆయన కాసెట్ నుంచి మూడో పాట ఒక్కటీ మా దాని మీద మళ్ళీ ఎక్కించమని రికార్డింగు షాపులో అడిగాను. షాపాయన పనిమంతుడు. అతుకు తెలియలేదు.

వసంత వింది. కోప్పడుతుందనుకున్నాను.

“బాగానే ఉండాది. కానీ ఇది మన ఇల్లు కాదు గదరా.”

అంతే. పెద్దయ్యాక మా ఇద్దరికీ పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు కాపురం చేశాం... ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పోయిన ఏడాది వసంత చనిపోయింది.

ఫోన్‌లో ఆమె గొంతు ఉంది. అన్నీ ఆసుపత్రి రోజులవి. మందులతో తడారిపోయిన గొంతు. మా అమ్మాయి వింటుంది. నేను వినలేను. నాకు ఆ పదకొండేళ్ళ గొంతు కావాలి. చెరిపింది నేనేనని తెలుసు. అయినా అతుకు దగ్గర ఒక నవ్వు ముక్క మిగిలి ఉంటుందేమోనని ఆశ.

పాత టేప్‌రికార్డర్ బాగుచేయించి, మొన్న మధ్యాహ్నం కాసెట్ పెట్టాను. పంపు కిర్రుమంది. ఎప్పుడో పోయిన అవ్వ వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగింది. దగ్గింది. తర్వాత మూడో పాట. గాయని అడిగింది... ఆగింది. నేను ఊపిరి బిగబట్టాను.

ఏమీ లేదు. ఎంత శుభ్రంగా ఉందో.

నాలుగో పాటలో మళ్ళీ పంపు. ఆఖరి పాట దాకా విన్నాను. చేపలమ్మే ఆమె కేక ఉంది. మా అమ్మ ఎవరినో లోపలికి పిలవడం ఉంది. వసంత మాత్రం ఎక్కడా లేదు. ఆ ఒక్కసారి తప్ప ఆమె పెదవి విప్పలేదు. అంత శ్రద్ధగా కూర్చుంది.

ఇప్పుడు చుట్టుపక్కల చప్పుళ్ళు తీసేయడానికి ఫోన్‌లో ఒక్కసారి నొక్కితే చాలట. అమ్మాయి చూపించింది. వద్దన్నాను.

చప్పుళ్ళు పడి పాడైపోయిన టేపు మీ ఇంట్లోనూ ఉందా? అందులో ఎవరి గొంతు ఉందో రాయండి... చదువుతాను.