తిరగేసి కప్పిన ఫ్లెక్సీ

పసింగ్ ముసలమ్మ ఏ వస్తువూ పారేసి ఎరగదు. మగ్గం మీద తెగిన పోగులు కూడా ఏరి దాచి, కాళ్ళు తుడుచుకునే పట్టాలు నేస్తుంది. అలాంటి మనిషి ఏడేళ్ళ కిందట ఒకే ఒక్క తొందరపాటు పని చేసింది. కోడలు రోవెలిన్ నర్సు పరీక్ష రాసొచ్చిన వారానికి, ఫలితాలు ఇంకా రాకుండానే, పట్నం వెళ్ళి ఫ్లెక్సీ కొట్టించుకొచ్చింది.

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారంటే ఊరికే అన్నారా! కానీ ముసలమ్మ లెక్క ముసలమ్మకుంది. ఫలితాలొచ్చాయంటే ఫ్లెక్సీలు వేసేవాడి కొట్టు ముందు నిలబడే చోటుండదు. వెనకవీధి పిల్ల పాసైనప్పుడు దాని ఫ్లెక్సీ ఆరో రోజుకు వచ్చింది. అప్పటికి ఊరు వేరే కబుర్లలో పడింది. తన కోడలికి ఆ నామర్దా జరగకూడదనుకుంది పసింగ్. రెండు మంచాల పొడవు ఫ్లెక్సీ. తెల్ల యూనిఫాం, తల మీద తెల్ల టోపీ, పళ్ళన్నీ కనిపించే నవ్వు. కింద పెద్ద అక్షరాల్లో 'అభినందనలు! రోవెలిన్ మోంటెక్లారో, రిజిస్టర్డ్ నర్స్'. మూలన ఆ ఏడాది అంకె.

పాసైనవాళ్ళ పేర్లు అక్షరాల వరసలో వేస్తారు. దొరల కాలంలో ఊరికో అక్షరం చొప్పున పంచిన పుణ్యాన ఆ ఊళ్ళో సగం ఇంటిపేర్లు 'ఎమ్' తోనే మొదలవుతాయి కాబట్టి ఊరంతా ఆ ఒక్క పేజీనే చూసింది. రోవెలిన్ పేరు లేదు.

ఎందుకు లేదో ఆమెకు తెలుసు. అప్పటికి పెద్దపిల్ల జాజాకు రెండున్నర నెలలు. పరీక్ష రెండో రోజు మధ్యాహ్నం చేపు వచ్చి చొక్కా ముందంతా తడిసిపోయింది. ఏడుస్తూ బాత్‌రూంలోకి పరిగెత్తి, పాలు పిండుకుని, మొహం కడుక్కుని తిరిగొచ్చేసరికి గంట కొట్టేశారు. ఇరవై రెండు ప్రశ్నలు ఖాళీగా ఉండిపోయాయి.

ఫ్లెక్సీని పసింగ్ పారెయ్యలేదు. ఆ ఏడాది వానలకు బట్టలుతుక్కునే పాక కారుతుంటే, తనే నిచ్చెనేసుకుని ఎక్కి తాటాకు తీసేసి దాన్ని కప్పింది. ఊరి కంట పడకుండా బొమ్మ లోపలికి తిప్పి, అంచుల మీద పాత టైర్లు పెట్టింది.

"మంచి సరుకు ఇందాయ్, పదేళ్ళు చుక్క కారదు," అంది దిగొచ్చి. ఇందాయ్ అంటే వాళ్ళ భాషలో అమ్మాయ్ అనే. ఆ తప్పిన పరీక్ష గురించి తరవాత ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

అప్పట్నుంచి రోవెలిన్ తన నవ్వుమొహం కిందే బట్టలుతుకుతోంది. జాజా పొత్తిగుడ్డలు, తరవాత పుట్టిన ఇన్యో పొత్తిగుడ్డలు, ఓడ దిగి వచ్చినప్పుడల్లా మొగుడు ఎల్మర్ తెచ్చే నూనె కంపు బట్టలు. పొద్దున పూట ఎండ ఫ్లెక్సీలోంచి వడకట్టుకుని దిగితే పైనున్న ఆ మొహం వెలిగిపోతుంది. ఆ పిల్లను చూస్తే రోవెలిన్‌కు అసూయ పుట్టేది. ఆ పిల్లకు నడుం నొప్పి లేదు. కంటినిండా నిద్రపోయింది. ఆ పిల్ల వార్డులో నడుస్తుంటే చివరి మంచం మీంచి ఎవరో 'నర్సమ్మా' అని పిలుస్తారు, ఆ పిల్ల వెనక్కి తిరుగుతుంది. రోవెలిన్‌కు కావలసింది అదొక్కటే. ఆ పిలుపుకు దొంగతనంగా కాకుండా హక్కుగా వెనక్కి తిరగడం. ఊళ్ళో వాళ్ళు బీపీ చూడమని ఇప్పటికీ వస్తారు, 'నర్సు' అనే పిలుస్తారు. పిలిచిన ప్రతిసారీ ఆమెకు లోపల కలుక్కుమంటుంది.

మళ్ళీ పరీక్షకు కట్టేలా చేసింది మాత్రం ఇన్యో. వాడికి నాలుగేళ్ళు. వేలు తెగినా మోకాలు గీరుకున్నా తల్లి దగ్గరికి రాడు. బట్టలుతికే బండ ఎక్కి, దెబ్బ పైకి చూపిస్తూ నిలబడతాడు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?"

"పై ఆంటీకి చూపిస్తున్నా. ఆంటీ నర్సు."

"ఒరే మొద్దూ, అది అమ్మే. కింద పేరు చూడు," అంది జాజా. అది అక్షరాలు నేర్చుకున్నదే ఆ ఫ్లెక్సీ మీద.

ఇన్యో ఒకసారి పైకి చూశాడు, ఒకసారి తల్లి వంక చూశాడు. "కాదు. ఆంటీ నవ్వుతోంది," అన్నాడు.

రోవెలిన్ కూడా పైకి చూసింది. వాడన్నది తప్పని ఎలా చెప్పడం? పైనున్నావిడ పరీక్ష పాసైంది. తను కాలేదు. ఆవిడ నేనేనని కొడుకుతో ఏ మొహం పెట్టుకుని చెప్పేది? ఆ వారమే ఆమె పట్నంలో శనివారం కోచింగ్‌లో చేరింది. క్లాసులో అందరూ ఇరవై, ఇరవై రెండేళ్ళ పిల్లలు. మొదటి రోజు ఆమెను చూసి పాఠం చెప్పే మేడమ్ అనుకుని లేచి నిలబడ్డారు.

ఇంటి దగ్గర చదువంతా పాకలోనే సాగింది. నోట్సు కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, బట్టల తీగ మీద క్లిప్పులతో వేలాడదీసింది. చేతులు సబ్బు నురగలో, కళ్ళు గుండెజబ్బుల మీద. ఇన్యో లంగోటీకీ జాజా స్కూలు గౌనుకీ మధ్య కిడ్నీ బొమ్మ గాలికి ఊగుతుండేది. పక్క వసారాలో పసింగ్ మగ్గం. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పోగు నడిపే నాడె ఒకసారి అటు విసిరి ఒకసారి ఇటు విసిరి, మధ్యలో ప్రశ్నలు చదివేది ముసలమ్మ.

"వార్డులో నలుగురు రోగులు. ఒకడికి నిన్న ఆపరేషనయింది, నొప్పంటున్నాడు. ఒకడికి జ్వరం. ఒకావిడకి ఉన్నట్టుండి ఊపిరాడట్లేదు. ఇంకోడు ఇంటికెళ్తానని గోల. నర్సు ముందు ఎవర్ని చూడాలి?"

"ఊపిరాడనావిణ్ణి, నానాయ్," అంది రోవెలిన్. అత్తను అమ్మా అన్నట్టే ఆ పిలుపు.

"నేనైతే గోల చేసేవాణ్ణి ముందు సాగనంపుతా. వార్డు ప్రశాంతంగా ఉంటుంది."

"అది తప్పు జవాబు."

"తప్పయితే అయింది. ఇల్లు నడుస్తుంది కదా!"

సరిగ్గా అప్పుడే దొడ్డి వైపునుంచి ఇన్యో కేక. "అమ్మా, అయిపోయిందీ!" వంటింట్లోంచి అన్నం మాడు వాసన. పంది పిల్ల తాడు తెంపుకుని మిరపమొక్కల్లో పడింది.

"ఇప్పుడు చెప్పవే నర్సమ్మా, ముందెవరు?" అంది పసింగ్.

రోవెలిన్ కొడుకు దగ్గరికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ముసలమ్మ గిన్నె దింపి మూత తీసి చూస్తోంది.

"రెండో రోగి పోయాడు పాపం," అంది దిగులుగా. ఆ పూట మాడిన అన్నాన్నే ఎండుచేపతో అందరూ నవ్వుతూనే తిన్నారు.

నవ్వుల మాట ఎలా ఉన్నా, ముసలమ్మ ఆ ఒక్క మాట మాత్రం నోటెంట రానిచ్చేది కాదు. 'పాస్' అనే మాట. ఎవరి పెళ్ళికి వెళ్ళినా 'అభినందనలు' అనడం కూడా మానేసింది. ఏడేళ్ళ కిందట తన తొందరపాటే దిష్టై తగిలిందని ఆమె గట్టి నమ్మకం. పరీక్షకు ముందు ఆదివారం చర్చిలో పెన్సిళ్ళకు ఫాదర్ చేత మంత్రజలం చల్లించి, వాటిని తన మగ్గం మీద నేసిన ఎర్రగుడ్డ ముక్కలో చుట్టి కోడలి చేతిలో పెట్టింది. వెళ్ళిరా అంది, అంతే.

ఈసారి ఒక్క ప్రశ్నా ఖాళీగా వదల్లేదు. రెండో రోజు గంట కొట్టాక కూడా రోవెలిన్ కుర్చీలోంచి లేవలేదు. చొక్కా ముందు భాగం తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. ఎందుకో అందుకే ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చిన నాలుగో రోజున తుఫాను పట్టుకుంది. ఒక పగలూ ఒక రాత్రీ ఊపి ఊపి వదిలింది. మనుషులకేం కాలేదు కానీ, తెల్లారేసరికి పాక మీద ఫ్లెక్సీ లేదు. టైర్లు మాత్రం మిరపమొక్కల్లో పడున్నాయి.

"మా ఆంటీ! మా ఆంటీ ఎగిరిపోయింది!" అని ఇన్యో లబలబలాడాడు.

ఆంటీ దూరమేం పోలేదు. వీధి చివర బాస్కెట్‌బాల్ కోర్టు ఇనప కంచెకు వెళ్ళి అతుక్కుంది. ఏడేళ్ళు లోపల దాచిన మొహం బయటికి తిరిగి, వాననీటితో కడిగినట్టయి, ఊరి మధ్యన నిలబడి నవ్వుతోంది. చిన్న కొట్టు నడిపే బెబాంగ్ అందరికంటే ముందు చూసింది. ఇంకేముంది! రోవెలిన్ కోర్టు దగ్గరికి పరిగెత్తేసరికే చుట్టూ పదిమంది.

"ఏమే, మాకు చెప్పనైనా చెప్పలేదు! విందెప్పుడు?"

"పందిని కోస్తారా, కోళ్ళతో సరిపెడతారా?"

రోవెలిన్‌కు అవునూ అంటే బాగుండును అనిపించింది. ఒక్క క్షణం, ఆ ఒక్క క్షణం, అందరూ నమ్ముతున్నారు కదా, తనూ నమ్మేస్తే ఏం పోయింది అనిపించింది. అంత ఆశగా ఉంది ఆమెకు.

"ఫలితాలింకా రాలేదు," అంది. "అది పాతది. కింద ఏడాది చూడండి."

అందరూ వంగి చూశారు. అందరికీ అర్థమైంది. ఏడేళ్ళ కిందట ఆమె తప్పిందని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కానీ ఇలాంటిదొకటి కొట్టించి పెట్టుకున్నారని, దాన్ని పాక మీద తిరగేసి కప్పుకున్నారని ఎవరికీ తెలియదు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే ఆమెకు తేలికగా ఉండేది. రోవెలిన్ కంచె ఎక్కి దాన్ని లాగెయ్యబోయింది.

"ఆగవే," అని చెయ్యి పట్టుకుంది బెబాంగ్. "ఎలాగూ మళ్ళీ కట్టాల్సిందేగా. తియ్యడం దేనికి?"

"రాకపోతే?"

"రాకపోతే మేమే తిరగేసి మీ పాక మీద కప్పిస్తాం. అప్పటిదాకా ఉండనీ. మా కోర్టుకి కళగా ఉంది."

కుర్రాళ్ళు దాన్ని సాగదీసి, ఇంకా ఎత్తున నాలుగు మూలలా గట్టిగా కట్టేశారు.

ఆ తరవాతి ఆరు రోజులూ రోవెలిన్‌కు నరకం. పిల్లను బడికి దింపాలన్నా, ఉప్పు తేవాలన్నా దాని కిందినుంచే వెళ్ళాలి. తల వంచుకుని వెళ్ళేది. ఇంట్లో పాక పైన ఉత్త ఆకాశం. ఉతుకుతూ అలవాటుగా తల ఎత్తితే మబ్బులు. ఆ పిల్ల లేక ఆమెకు దిక్కు తోచలేదు. అసూయ పడ్డ మనిషి మీదే బెంగ పెట్టుకోవడం ఏమిటో ఆమెకే అర్థం కాలేదు.

"నాదే తప్పు ఇందాయ్," అంది పసింగ్ ఒక మధ్యాహ్నం, మగ్గం మీంచి తల ఎత్తకుండా. ఏడేళ్ళలో మొదటిసారి. "కూడబెట్టుకున్న సంతోషం ముందే ఖర్చుపెట్టేశా."

"నీకంత నమ్మకముంది కాబట్టేగా, నానాయ్."

"ఇప్పుడూ ఉంది. నోరు మూసుకుని కూర్చున్నానంతే."

ఏడో రోజు పొద్దున పది గంటలప్పుడు కోర్టు వైపునుంచి బెబాంగ్ కేకలు వినిపించాయి. ఫోన్‌కు సిగ్నల్ అందేది అక్కడే. మగ్గం చప్పుడు ఆగిపోయింది. పసింగ్ కళ్ళజోడు వెతుక్కుని, చెప్పులైనా లేకుండా బయల్దేరింది. రోవెలిన్ వెళ్ళలేదు. శుభ్రంగానే ఉన్న దుప్పటిని బండకేసి ఇంకా ఇంకా రుద్దుతూ కూర్చుంది.

ముసలమ్మ తిరిగొచ్చింది. వచ్చి బండ మీద కూర్చుని, కోడలి చేతుల్లోంచి దుప్పటి లాక్కుని తను జాడించడం మొదలుపెట్టింది.

"నానాయ్?"

"ఉంది."

"ఏముంది?"

"నీ పేరే. బెబాంగ్ చేత మూడుసార్లు చదివించా. ఇంటిపేరు, పేరు, అన్నీ. లే, చేతులు తుడుచుకో. నానిపోయి ముడతలు పడ్డాయి."

రోవెలిన్ లేవలేకపోయింది. తడి చేతులతోనే అత్తను పట్టుకుంది. ఇద్దరూ ఆకాశం కింద కూర్చుని గొల్లుమన్నారు. వీధిలోంచి విన్నవాళ్ళు తప్పిందేమో అనుకున్నారు.

సాయంత్రానికి ఫ్లెక్సీ మూలనున్న పాత అంకె మీద ఎర్రగుడ్డ ముక్క కుట్టేసి, దాని మీద కొత్త అంకె పసింగ్ తన చేత్తోనే అల్లింది. కొత్తది కొట్టిద్దామని కుర్రాళ్ళంటే ఆమె ఒప్పుకోలేదు. దీనికేమైంది, మంచి సరుకు అంది. రోవెలిన్ ఆ వేళ దాని కింద నిలబడి, మొదటిసారి తల ఎత్తి చూసింది. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి ఇరవై మూడేళ్ళ పిల్లను చూస్తోంది. అనుకున్నంత అసూయ కలగలేదు. నువ్వు ఇంత ఆలస్యం చేశావేమే అని ఆ పిల్లే అడుగుతున్నట్టనిపించింది.

అంతలో ఇన్యో కుంటుకుంటూ వచ్చాడు. గులకరాయి గీరుకుని అరికాలు తెగింది. అలవాటు ప్రకారం కంచె కిందకెళ్ళి, ఒంటికాలి మీద నిలబడి, దెబ్బ కాలు పైకెత్తి చూపించబోయాడు. ఫ్లెక్సీ మరీ ఎత్తున ఉంది. ఎగిరి చూశాడు, పడిపోబోయాడు. కాసేపు ఆలోచించి తల్లి దగ్గరికి వచ్చాడు.

"ఆంటీకి అందట్లేదు. పోనీ నువ్వు చూడు," అన్నాడు దయతలిచినట్టు.

రోవెలిన్ వాణ్ణి మెట్టు మీద కూర్చోబెట్టి, బెబాంగ్ కొట్లోంచి నీళ్ళు తెచ్చి కాలు కడిగింది. ఇసుక రేణువులు ఒక్కొక్కటే తీసి, గుడ్డతో అద్ది, కట్టు కట్టింది. వాడు మొహం ముడుచుకుని కూర్చున్నవాడల్లా మెల్లగా సర్దుకున్నాడు.

"నొప్పెయ్యలేదే! నీకివన్నీ ఆంటీ నేర్పిందా?"

"ఆవిడే నేర్పింది, నాన్నా," అంది రోవెలిన్. "పైనుంచి ఏడేళ్ళు నేర్పింది."