ఎదురు నీటికి చాలని మోటారు

మోటారు మధ్యలో ఆగిపోయింది, అందుకే మా తమ్ముడు గోదావరిలో పోయాడు. మా వాళ్లంతా చెప్పే మాట ఇది. దినాలకు వచ్చినవాళ్లకు ఇదే చెప్పారు, ఇప్పటికీ కొత్తవాళ్లు ఎవరైనా అడిగితే ఇదే చెబుతారు. సెకండ్‌హ్యాండ్ మోటారు కదా, ఎప్పుడు ఆగుతుందో ఎవరికి తెలుసు అని చివర్లో ఒక నిట్టూర్పు కూడా కలుపుతారు. నేను పక్కనుంటే ఆ నిట్టూర్పు దాకా రానివ్వను. ట్యాంకులో పెట్రోలు ఉన్నంతసేపూ ఆ మోటారు తిరిగింది. తిరిగినా చాలలేదు. ఆగడం వేరు, చాలకపోవడం వేరు. ఆగిపోతే తప్పు ఇనుముది. చాలకపోతే ఆ తప్పు, చాలుతుందని చెప్పిన మనుషులది. మా వాళ్లకు మొదటిదే ఎందుకు నచ్చుతుందో నాకు బాగా తెలుసు.

మాది భద్రాచలానికి ఎగువన, గోదావరి ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల వాడ. వెనక అడవి, ముందు నది. నేను ఖమ్మంలో డిగ్రీ చదివి, బీఈడీ చేసి, ఏన్కూరు వైపు ఒక బడిలో సైన్సు చెబుతున్నాను. ఆ చదువు వాడలో నాకు గౌరవం తెచ్చిందనుకోకండి. దీనికి నోరెక్కువ అని ముందే పేరుంది. చదువుతో ఆ నోటికి ఇంకొంచెం బలం వచ్చిందని అనుకుంటారు, అంతే.

తమ్ముడు అప్పటిదాకా తెడ్డు నావ మీదే వేటకు వెళ్లేవాడు. కుడి భుజం పట్టేసి, చెయ్యి చెవి దాకా కూడా లేవకపోయేసరికి మోటారు పడవ కావాలన్నాడు. కొత్తది కొనే స్తోమత లేదు. దిగువన ఆనకట్ట ముంపులో పోయిన ఒక ఊరి మనిషి తన పడవను మోటారుతో సహా అమ్ముకుంటున్నాడని తెలిసింది. అతనికి ఎక్కడో కాలనీలో ఇల్లు ఇచ్చారు. ఆ కాలనీ దగ్గర నది లేదు. పడవను ఏం చేసుకుంటాడు? నేను ఎండాకాలం సెలవులకు ఇంటికి వెళ్లిన రోజుల్లోనే దాన్ని ట్రాక్టరు మీద వేసుకుని మా రేవుకు తెచ్చాడు.

పడవ బాగుంది. పొడవాటి ఫైబరు పడవ, అడుగున అతుకులు లేవు. మోటారు వెనక చెక్కకు బిగించి ఉంది, కింద నీళ్లలోకి దాని పంకా. తాడు రెండోసారి లాగేసరికి అందుకుంది. పొగ లేదు, దగ్గు లేదు. దాని చప్పుడు వినగానే తమ్ముడి మొహం వెలిగిపోయింది. మోటారు మంచిది కాదని నేను ఆ రోజూ అనలేదు, ఇప్పుడూ అనను. అంత పొడవు పడవకు అంత చిన్న మోటారా అని మాత్రం అడిగాను.

మోటారు బలం చూడటానికి మా వాడలో ఒక పద్ధతి ఉంది. తీర్పు చెప్పేది మా మేనమామ. వాడలో ఏ పడవ కొన్నా ఆయన సరే అనాల్సిందే. రేవులో నిలబడి ఒక మోదుగ విస్తరిని నీళ్ల మీద వదులుతాడు. అప్పుడే పడవ ఎగువకు బయలుదేరాలి. విస్తరి కొట్టుకుపోయి దిగువన ఉన్న నల్లబండను చేరేలోపల, పడవ ఎగువన ఇప్పచెట్టు దగ్గరికి చేరితే ఆ మోటారు చాలినట్టు. తెలివైన పద్ధతే, కాదనను. నది వేగం ఎంతో, దానికి ఎదురుగా మోటారు వేగం ఎంతో ఒకేసారి తెలిసిపోతుంది. కానీ అది ఆ రోజు నది గురించి మాత్రమే చెబుతుంది. సగం ఇసుక తేలి, మోకాటి లోతున పిల్లలు ఆడుకునే నది అది.

"మామా, ఎండకాలంల ఆకు నడుస్తది. శ్రావణంల ఉరుకుతది. గిప్పుడు చూసి ఏం లాభం?" అన్నాను.

"ఆకు ఉరికితే మోటారు గూడ ఉరుకుతది బిడ్డా. దానికి యాక్సిలేటర్ ఉన్నది, ఆకుకు లేదు."

ఒడ్డు మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. నేను ఊరుకోలేదు. పోనీ పడవలో బరువు పెట్టి చూడమన్నాను. వేటకు పోయేది ఉత్త పడవ కాదు కదా, వచ్చేటప్పుడు తడిసిన వలలుంటాయి. అక్కడ మా వాడ రెండో నియమం అడ్డొచ్చింది. కొనని పడవలో వల పెట్టకూడదు. పెడితే గంగమ్మ ముందు కొన్నట్టే లెక్క, ఆ తర్వాత వద్దనడానికి లేదు. వల వద్దులే, నాలుగు ఇసుక బస్తాలు వేద్దామన్నాను. వల అయినా ఇసుక అయినా బరువు బరువేనన్నాడు మామ.

"మనుషులు ఎక్కుతుండ్రు గద. మనుషులు బరువు కాదా?"

"మనుషులు వాళ్లంతట వాళ్లే దిగిపోతరు."

తమ్ముడు మధ్యలోకి వచ్చాడు. "అక్కా, ఎందుకు లొల్లి? నువ్వెక్కి కూసో. రెండు బస్తాలకు సరిపోతవ్."

మళ్లీ నవ్వులు. ఎక్కి కూర్చున్నాను. తమ్ముడు వెనక మోటారు దగ్గర, వాడి బామ్మర్ది ముందు, నేను మధ్యలో. ఇప్పచెట్టు దాకా పోయి వెనక్కి చూస్తే, విస్తరి ఇంకా రేవు పక్కనే సోమరిగా తిరుగుతోంది. ఒడ్డున ఈలలు వేశారు. మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. తీర్పు అయిపోయినట్టే.

దిగాక అమ్మేమనిషిని పక్కకు పిలిచి, ఈ మోటారును నిండు పడవతో ఎదురు నీటిలో ఎప్పుడైనా నడిపావా అని అడిగాను. అతను అబద్ధం ఆడలేదు. "మా దగ్గర నీళ్లు ఎక్కడికీ పోవు మేడంగారూ. కట్ట కట్టిన కాణ్ణించీ నిలబడిపోయాయి. మాకు ఎదురూ లేదు, వాలూ లేదు. ఈ మోటారు మమ్మల్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదండి."

విన్నావా మామా అన్నాను. అదీ గోదారే ఇదీ గోదారే అన్నాడాయన, నా వైపు తిరగకుండానే. తమ్ముడు అప్పటికే మోటారు మీద చెయ్యి వేసి, కొత్త ఎద్దును నిమిరినట్టు నిమురుతున్నాడు. ఇంకో వేసవి దాకా ఆగరా, ఇంతకంటే పెద్దది దొరక్కపోదు అని వాణ్ణి ఎంతో బతిమాలాను.

"చెయ్యి లేస్తలేదక్కా," అన్నాడు నెమ్మదిగా, ఎవరికీ వినపడకుండా. "నువ్వు జీతం మనిషివి, ఆగుతవ్. నేనెట్ల ఆగుత?"

వర్షాలు మొదలయ్యాక కూడా కొన్నాళ్లు బాగానే నడిచింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి నీ సైన్సు ఏమంటుందక్కా అని ఎక్కిరించేవాడు. ఇంకా శ్రావణం రాలేదురా అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

శ్రావణం వచ్చింది. పైన వానలు పడి నీళ్లు పెరుగుతున్నాయంటే, అమ్మను నా దగ్గరికి తెచ్చుకుందామని బడికి సెలవు పెట్టి వెళ్లాను. మొదటి ప్రమాద హెచ్చరిక ఇంకా రాలేదు. కానీ వాడలో అందరూ సామాన్లు మూట కడుతున్నారు. తమ్ముడూ, బామ్మర్దీ అప్పుడే దిగువన ఇసుక లంక దగ్గర కట్టిన వలలు తీసుకురావడానికి వెళ్లారని మరదలు చెప్పింది. పోయేటప్పుడు వాలు, మోటారు అవసరమే పడదు. నేను బ్యాగు అరుగు మీద పడేసి రేవుకు నడిచాను. మామ అక్కడే ఉన్నాడు.

పడవ వస్తూ కనిపించింది. వలలతో నిండిపోయి, అంచు నీళ్లకు జానెడు ఎత్తు కూడా లేదు. తడిసిన బొంతను పిండకుండా ఎత్తితే ఎంత బరువో తెలుస్తుంది కదా. వల అంతకంటే బరువు, పైగా దానికి పట్టిన బురద, కొమ్మలు, చెత్త. రేవుకు కొంచెం దిగువన నది మా ఒడ్డు వైపు తిరిగే చోట ప్రవాహం బిగుసుకుంటుంది. పడవ అక్కడికి వచ్చి నిలబడిపోయింది.

నిలబడిందంటే చూసేవాళ్లకు నమ్మకం కలగదు. మోటారు గొంతు చించుకుంటోంది. పడవ ముక్కు నీళ్లను చీలుస్తోంది, రెండు పక్కలా నురగ వెనక్కి పోతోంది. ఎంత జోరుగా వస్తోందో అనిపిస్తుంది. కానీ అవతలి ఒడ్డున ఒక తాడిచెట్టు ఉంది. నేను ఆ చెట్టునూ పడవ ముక్కునూ కలిపి చూస్తున్నాను. రెండూ సూటిగా ఉన్నాయి. ఎంతసేపు చూసినా సూటిగానే ఉన్నాయి.

"మామా, ముందుకు వస్తలేదు."

"వస్తది."

కాసేపు ఆగి మళ్లీ అన్నాను. ముక్కు పక్కకు తిప్పితే నది పక్కనుంచి తగిలి పడవ నిండిపోతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు, తమ్ముడికీ తెలుసు. వలలు పడెయ్యమని ఒడ్డు మీద ఆడా మగా అందరూ అరిచారు. తమ్ముడు మోటారు పిడి వదలడానికి లేదు. వదిలినా, పట్టేసిన కుడి చెయ్యి లేవదు. పడెయ్యాలంటే బామ్మర్దే పడెయ్యాలి. అతను ముందు కూర్చుని ఉన్నాడు. వెనక్కి తిరిగాడు. తమ్ముడు అతనితో ఏదో చెప్పాడు. పెదవులు కదలడం నాకు స్పష్టంగా కనిపించింది. బామ్మర్ది తల ఊపాడు. వలలు మాత్రం పడెయ్యలేదు. వలను తేల్చే బెండ్లు కట్టిన తాడును ఊడదీసి తన చేతికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

కొద్దిసేపటికి చప్పుడు తెగిపోయింది. ఇళ్లలో ఉన్నవాళ్లు విన్నది అదే, అందుకే మోటారు ఆగింది అంటారు. నేను మాత్రం అంతకుముందు జరిగిందంతా చూశాను. పడవ అడ్డం తిరిగింది, నిండింది, ఇక కనిపించలేదు. బెండ్ల తాడు బామ్మర్దిని తేల్చుకుంటూ పోయి, దిగువన నీళ్లు చుట్టుముట్టిన తుమ్మచెట్లకు తగిలించింది. తమ్ముడు వరద తీశాక దొరికాడు. ఎట్లా దొరికాడో నేను రాయను.

మోటారు కూడా బురదలో దొరికింది. పడవ వెనక చెక్కకు బిగించింది బిగించినట్టే ఉంది. నేనే పట్టుబట్టి భద్రాచలం నుంచి మెకానిక్‌ను పిలిపించాను. పెట్రోలు ట్యాంకు మూత బిగుసుకునే ఉంది, లోపల వాసన తప్ప ఏమీ లేదన్నాడతను. మోటారును విప్పి, కడిగి ఆరబెట్టి, ప్లగ్గు మార్చి తాడు లాగితే అందుకుంది. అదే చప్పుడు. ఇంట్లో నుంచి మరదలి ఏడుపు వినిపించింది. మామ అరుగు మీది నుంచి లేచి వెళ్లిపోయాడు. తర్వాత ఒకసారి, ఇప్పుడైనా ఆగిందని చెప్పడం మానెయ్యి మామా అని అడిగాను.

"ఆగిందంటే నీకేం పోతది బిడ్డా?" అన్నాడు. "నాకింత నిద్ర పడతది."

నాకు పట్టదు కదా మామా అన్నాను. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అయినా రెండు రోజులకు మళ్లీ ఎవరితోనో అదే మాట చెబుతుంటే విన్నాను. ఆ మోటారును మరదలు పొరుగు ఊరివాళ్లకు ఇచ్చేసింది. వాళ్లది చిన్న నావ, వాగు దాటడానికే. దానికి ఆ మోటారు బాగా చాలుతుంది.

బామ్మర్ది మళ్లీ నది మీదికి పోలేదు. భద్రాచలంలో ఆటో నడుపుతున్నాడు. నేను బస్సు దిగితే ఎక్కడున్నా వచ్చి ఎక్కించుకుంటాడు, కిరాయి ముట్టడు. వదినా వదినా అంటూ పిల్లల సంగతులు, అమ్మ మందుల సంగతులు అడుగుతాడు. మంచివాడే. బతికినందుకు అతన్ని నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు. అడిగేది ఒక్కటే, వాడు నీతో ఏం చెప్పాడని. అడిగినప్పుడల్లా రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా అదే జవాబిస్తాడు. "మోటారు చప్పుడుకు ఏం వినపడలే వదినా."

మోటారు ఎంత అరిచిందో నాకూ తెలుసు, వినపడకపోయి ఉండొచ్చు. కానీ నేను ఒడ్డు మీదే నిలబడి చూశాను. వాడు చెప్పాడు, నువ్వు తల ఊపావు, ఆ తర్వాతే తాడు చేతికి చుట్టుకున్నావు. వినపడని మాటకు తల ఎట్ల ఊపినవ్?